తోటకూరకు దక్కని పీట

తెలుగు పిల్లలకు తరతరాలుగా చెబుతూ వచ్చిన నీతి కథల్లో ఒక దొంగ కథ ఉంది. చిన్నప్పుడు పరాయి దొడ్లోంచి తోటకూర కోసుకొస్తే తల్లి మందలించదు. పెద్దయ్యాక గజదొంగై శిక్ష పడిన రోజున, తోటకూర నాడే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా అని ఆ తల్లినే నిష్ఠూరమాడతాడు. దొంగతనాల్లోకెల్లా చిన్నది చెప్పవలసి వచ్చినప్పుడు కథకులకు తోచిన వస్తువు తోటకూర. ఊళ్ళో దానికంటే చవకైనది లేదని, పోయినా ఎవరూ పంచాయతీ పెట్టరని అందరికీ తెలుసు. చప్పబడిన మనిషిని తోటకూర కాడతో పోల్చడమూ ఆ చిన్నచూపు నుంచి వచ్చిందే. పాలకూరకు అలాంటి తలవంపులు లేవు. బలానికి పాలకూర, రక్తానికి పాలకూర అన్న మాట బడి పాఠాల్లోకీ, ఆస్పత్రి సలహాల్లోకీ, హోటళ్ళ పట్టికల్లోకీ ఎక్కింది. ఈ రెండు ఆకులను పక్కపక్కన పెట్టి తూచిన చరిత్ర మన దేశంలో ఎనభై ఏళ్ళకు పైబడింది. ఆ చరిత్రను వరుసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. తూకపు అంకెలు పదే పదే మారాయి, కొన్ని దారుణంగా పడిపోయాయి. అయినా ముఖ్యమైన పోషకాల్లో తోటకూర ముందు, పాలకూర వెనక అన్న వరుస మాత్రం మారలేదు. తోటకూరకు తక్కువైనది గౌరవమే కాని సత్తువ కాదు.

ముందుగా ఈ రెండింటి పుట్టుక తెలుసుకోవాలి. ఆధునిక వృక్షశాస్త్రం వీటిని ఒకే కుటుంబంలో చేర్చింది కాబట్టి ఇవి దాయాదులే. కాని పెరిగిన వాతావరణాలు వేరు. కూర తోటకూర దక్షిణాసియా, ఆగ్నేయాసియా ఉష్ణ ప్రాంతాల మొక్క. ఆయుర్వేద గ్రంథాల్లో తండులీయకం పేరుతో కనిపించేది ఈ జాతిదే. మన పల్లెల్లో పెరుగు తోటకూర, కొయ్య తోటకూర, ఎర్ర తోటకూర, చిలక తోటకూర, ముళ్ళ తోటకూర అంటూ రకరకాలుగా పిలుచుకునేవన్నీ ఆ గుంపులోవే. వాటిలో కొన్నింటిని విత్తనం చల్లి పెంచుతాం, కొన్ని గట్ల మీద వాటంతట అవే మొలుస్తాయి. ఎండను తట్టుకునే జీవధర్మం ఉన్నందువల్ల మండు వేసవిలోనూ నీళ్ళు పెడితే నెల తిరిగేసరికి కోతకు వస్తుంది. పాలకూరగా ప్రపంచానికి తెలిసిన మొక్క పర్షియా వైపుది. నేపాలు నుంచి చైనాకు కానుకగా వెళ్ళినట్టు క్రీ.శ. 647 నాటి చైనా రికార్డులు చెబుతాయి. అరబ్బుల ద్వారా స్పెయిన్ చేరి ఐరోపా అంతటా పాకింది. దానికి చలి కావాలి. ఎండ ముదిరితే ఆకు వేయడం మాని పూతకు వచ్చేస్తుంది. అంటే వేడి దేశపు పేదవాడికి ఏడాది పొడుగునా అందే ఆకు ఒకటైతే, చలికాలం మర్యాదలు కోరే ఆకు మరొకటి.

ఆకుకూరను తూచి చూడాలన్న ఆలోచనే మన దేశపు ప్రభుత్వాలకు చాలా ఆలస్యంగా వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో మనిషి తిండి అంటే గింజల లెక్కే. 1876-78 నాటి మద్రాసు కరువులో కర్నూలు, బళ్ళారి, కడప, నెల్లూరు సీమలు నలిగిపోతున్నప్పుడు, కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై ఒక అణా చాలునని ప్రభుత్వ కరువు ప్రతినిధిగా వచ్చిన రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. మద్రాసు రాజధాని శానిటరీ కమిషనర్ కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. ఆ తిండితో ఒళ్ళు వంచి పనిచేసే మనిషి నిలబడలేడని, గింజలు పెంచాలని, వాటికి పప్పూ కూరా తోడుండాలని వాదించాడు. కడుపు నిండటం వేరు, ఒంటికి కావలసినవి అందటం వేరు అన్న తేడా మన నేల మీద ప్రభుత్వ చర్చగా మారిన సందర్భాల్లో ఇదొకటి. అయితే కార్నిష్ చేతిలో ఆకుల అంకెలు లేవు. ఏ ఆకులో ఏముందో చెప్పే శాస్త్రం అప్పటికి ఎదగలేదు. విటమిన్లన్న ఊహకే ఇంకా మూడు దశాబ్దాల పైన వ్యవధి ఉంది. అందుకే కరువు కాలంలో గట్ల మీది ఆకులు కోసుకుని ప్రాణం నిలుపుకున్న వారి తిండి ఏ లెక్కల్లోనూ కనిపించదు.

ఆ లోటు తీర్చే పని నీలగిరుల్లోని కూనూరులో మొదలైంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక గదిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన ప్రారంభించాడు. దేశంలోని వేర్వేరు ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, నెయ్యి, పప్పు, పచ్చి కూరలు ఉన్న సిక్కుల భోజనం తిన్న ఎలుకలు ఏపుగా పెరిగాయి. మద్రాసు వైపు అన్నమే ప్రధానమైన భోజనం తిన్నవి చిక్కిపోయాయి. ఆ గది క్రమంగా న్యూట్రిషన్ రీసెర్చ్ లేబరేటరీస్‌గా ఎదిగింది. 1935లో డైరెక్టరుగా వచ్చిన ఎయ్‌క్రాయిడ్ పనిని ఇంకో మెట్టు ఎక్కించాడు. దక్షిణాది పల్లెల్లో జనం నిజంగా ఏం తింటున్నారో సర్వేలు చేయించాడు. విటమిన్ ఏ లోటుతో కళ్ళు పోగొట్టుకుంటున్న పిల్లలు, నోటి పుండ్లతో బాధపడుతున్న పిల్లలు ఎందరో ఆ బృందం కంటపడ్డారు. 1937లో ఆయన భారతీయ ఆహారాల పోషక విలువలపై హెల్త్ బులెటిన్ 23ను వెలువరించాడు. మార్కెట్లో దొరికే గింజ, పప్పు, కాయ, ఆకు అన్నింటినీ ఒకే కొలబద్దతో పక్కపక్కన నిలబెట్టిన పుస్తకం అది. జైళ్ళకూ, హాస్టళ్ళకూ, ఆస్పత్రులకూ తక్కువ ఖర్చుతో మంచి భోజనం కుదర్చడం దాని ఉద్దేశం. తోటకూరను ధరను బట్టి కాక, అందులో ఉన్న సరుకును బట్టి చూడడానికి వీలు కల్పించింది ఈ పట్టికల సంప్రదాయమే.

ఆ కూనూరు సంస్థ 1958లో హైదరాబాదుకు, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనున్న తార్నాకకు తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. ఎయ్‌క్రాయిడ్ పుస్తకాన్ని విస్తరించి 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ కొత్త పుస్తకంగా తెచ్చారు. ఇక అప్పటి నుంచి ఇంగ్లిషులో చదువుకున్న ప్రతి భారతీయ డాక్టరూ, గృహవిజ్ఞాన విద్యార్థినీ ఆ పట్టికలతోనే పెరిగారు. అందులో నూరు గ్రాముల లేత తోటకూరకు ప్రోటీన్ 4 గ్రాములు, కాల్షియం 397 మిల్లీగ్రాములు, విటమిన్ సి 99 మిల్లీగ్రాములు, ఇనుము 25.5 మిల్లీగ్రాములు. అంతే పాలకూరకు ప్రోటీన్ 2 గ్రాములు, కాల్షియం 73, విటమిన్ సి 28, ఇనుము 10.9 మిల్లీగ్రాములు. కంటిచూపుకు కావలసిన కెరోటిన్‌లో రెండూ దాదాపు సమానం, 5,500 మైక్రోగ్రాముల చుట్టూ ఉన్నాయి. కెరోటిన్ ఒక్కటి పక్కనపెడితే మిగిలిన నాలుగింటిలోనూ తోటకూరదే పైచేయి. అదీ కొద్దిపాటి తేడా కాదు, ప్రోటీన్‌లో రెండింతలు, ఇనుములో అంతకు పైన, విటమిన్ సిలో మూడున్నర రెట్లు, కాల్షియంలో అయిదు రెట్లు.

అయితే ఈ అంకెలను నమ్మి సంబరపడిన వారికి 1989లో గట్టి దెబ్బ తగిలింది. ఆ ఏడు నరసింగరావు, దేవస్థలి, పంత్ సవరించిన ముద్రణలో తోటకూర ఇనుము 25.5 నుంచి 3.49 మిల్లీగ్రాములకు పడిపోయింది. పాలకూర ఇనుము 10.9 నుంచి 1.14కు దిగింది. ఏడు రెట్లు ఒకదానికి, తొమ్మిది రెట్లు ఇంకొకదానికి కోత. పాత లెక్కల్లో ఆకుదే కాక, ఆకుకు అంటుకున్న మట్టీ దుమ్మూ తెచ్చిన ఇనుము కూడా కలిసిపోయింది. నేలకు దగ్గరగా పెరిగే ఆకులకు ఈ బెడద మరీ ఎక్కువ. నూరు గ్రాముల తోటకూర తింటే ఆడవారికి రోజుకు కావలసిన ఇనుమంతా సరిపోతుందన్న ఆశకు అక్కడితో కాలం చెల్లింది. కొత్త కొలతను పాత పేరు కోసం దాచిపెట్టకుండా, తమ సంస్థ ముద్రించిన అంకెనే కొట్టివేసి సరిదిద్దిన ఆ శాస్త్రజ్ఞుల నిజాయితీని గౌరవించాలి. మన వాదానికి ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. రెండు ఆకుల అంకెలూ కూలాయి కాని తోటకూర ముందు, పాలకూర వెనక అన్న క్రమం ఆ కూలుడులోనూ చెక్కుచెదరలేదు.

పాలకూరకు లోకమంతటా వచ్చిన పేరు కూడా ఇలాంటి ఒక అంకె మీదే నిలబడిందని చాలామంది నమ్ముతారు. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడొకరు దశాంశ బిందువును తప్పు చోట పెట్టడంతో పాలకూర ఇనుము పది రెట్లయిందని, దాన్ని నమ్మే అమెరికా బొమ్మల కథల్లోని పొపాయ్ నావికుడు డబ్బాలకొద్దీ పాలకూర మింగాడని ఒక కథ ప్రచారంలో ఉంది. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హాంబ్లిన్ అనే వైద్యుడు రాశాక అది పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. 2010లో మైక్ సటన్ అనే పరిశోధకుడు మూలాలు వెతికి చూస్తే ఆ బిందువు కథకు ఆధారమే దొరకలేదు. 1929లో పుట్టిన పొపాయ్ కూడా పాలకూర తినేది ఇనుము కోసం కాదు, విటమిన్ ఏ కోసమని 1932 నాటి బొమ్మల కథలోనే చెప్పాడు. తప్పును సరిదిద్దుతున్నామనుకున్న వారు ఇంకో తప్పును తరతరాలకు అప్పగించారన్నమాట. ఒక తిండి వస్తువు పేరు ప్రతిష్ఠలు ఎలా ఏర్పడతాయో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. ప్రయోగశాల చెప్పినదాని కంటే బొమ్మల కథ చెప్పింది ఎక్కువ దూరం పోతుంది. తోటకూరకు అలాంటి నావికుడు లేడు. దానికి ఉన్నది తోటకూర దొంగ ఒక్కడే.

తాజా కొలతలు 2017లో వచ్చాయి. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, 528 ఆహారాల నమూనాలను సేకరించి, జాతీయ పోషకాహార సంస్థ కొత్త పరికరాలతో అన్నింటినీ మళ్ళీ పరీక్షించింది. అందులో పచ్చ తోటకూరకు ప్రోటీన్ 3.3 గ్రాములు, కాల్షియం 330, ఇనుము 4.6, విటమిన్ సి 83 మిల్లీగ్రాములు. పాలకూరకు ప్రోటీన్ 2.1 గ్రాములు, కాల్షియం 82, ఇనుము సుమారు 3, విటమిన్ సి 30 మిల్లీగ్రాములు. పాత పట్టికలో సమానంగా ఉన్న కెరోటిన్ కూడా ఈసారి విడిపోయింది. బీటా కెరోటిన్ తోటకూరలో 8,500 మైక్రోగ్రాముల పైన, పాలకూరలో 2,600 దగ్గర ఉంది. పాలకూర గట్టిగా గెలిచిన చోటు కూడా ఉంది. గర్భిణులకు అత్యవసరమైన ఫోలేట్ అందులో తోటకూర కంటే రెండింతలు. అందుచేత పాలకూర పనికిరాని ఆకు అనడం అన్యాయం. మొత్తమ్మీద అర్ధ శతాబ్దంలో మూడు తరాల పరిశోధకులు, మూడు రకాల పరికరాలు, వేర్వేరు నమూనాలతో తూచినా ఒకే వరుస వచ్చిందంటే, ఆ వరుసను పట్టికల పొరపాటుగా తోసెయ్యలేం.

ఇక్కడ తెలిసినవారు లేవదీసే అభ్యంతరం బలమైనదే. ఆకులో ఉండటం వేరు, ఒంటబట్టడం వేరు కదా అంటారు. నిజమే. పాలకూరలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి ఉంచడం వల్ల అందులో సుమారు 5 శాతమే ఒంటబడుతుందని, పాలలో అయితే 27 శాతం దాకా అందుతుందని 1988లో అమెరికాలో జరిగిన పరీక్షలో తేలింది. తోటకూరలోనూ ఆక్సలేట్లు దండిగా ఉన్నాయి. కనుక 330 అన్న అంకె చూసి పాల బదులు తోటకూర చాలునని ఎవరైనా అంటే అది తప్పు. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చేవారు ఈ రెండు ఆకులనూ వైద్యుడి సలహాతోనే తినాలి. ఇనుము మాట వేరుగా చూడాలి. ఆకులోని ఇనుము కొంతే ఒంటబడుతుందన్న సంగతి రోజువారీ సిఫార్సులోనే కలిపి లెక్కకట్టారు. వయోజన స్త్రీకి రోజుకు 21 మిల్లీగ్రాములని 2010లో చెప్పిన అంకె అలా వచ్చిందే. అందులో నూరు గ్రాముల తోటకూర ఐదో వంతు, పాలకూర ఏడో వంతు తీరుస్తాయి. అద్భుతమేమీ కాదు, తీసిపారేసేదీ కాదు. పైగా ఒంటబట్టకుండా చేసే అడ్డంకి రెండు దాయాదులకూ ఉమ్మడిది. అది తోటకూర విలువను తగ్గిస్తుంది కాని పాలకూరను దాని ముందుకు తేలేదు. చింతపండు పులుసు పెట్టడం, కందిపప్పుతో వండటం, నూనె తాలింపు వేయడం అన్న మన వంట పద్ధతి కూడా ఇక్కడ కలిసివస్తుంది. పులుపులోని ఆమ్లాలు ఇనుముకూ, నూనె కెరోటిన్‌కూ ఒంటబట్టే దారి కొంత సుగమం చేస్తాయి. విటమిన్ సి మాత్రం పొయ్యి మీద చాలా భాగం పోతుంది. ఆ నష్టమూ రెంటికీ సమానమే.

కెరోటిన్ మీద ఇంకా గట్టి ప్రశ్న వచ్చింది. 1995లో ఇండొనేషియాలోని పశ్చిమ జావాలో పాలిచ్చే తల్లులకు ముదురు ఆకుకూరలు పెట్టి చూసినప్పుడు వారి విటమిన్ ఏ స్థితి మెరుగుపడలేదని లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసం పోషకాహార లోకాన్ని కుదిపేసింది. ఆ తరవాత 2001లో అమెరికా నిపుణులు ఆకుల కెరోటిన్ విలువను సగానికి తగ్గించారు, 6 పాళ్ళ బీటా కెరోటిన్ ఒక పాలు విటమిన్ ఏతో సమానమన్న లెక్క 12 పాళ్ళకు పోయింది. మన వైపు అనుభవం అంత నిరాశగా లేదు. 1970లోనే హైదరాబాదు సంస్థ పరిశోధకులు పోషకాహార లోపమున్న పిల్లలకు ఆకుకూర పెట్టి, అందులోని బీటా కెరోటిన్ మంచి భాగమే ఒంటబడుతోందని చూపారు. ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టి ఒకదాన్ని కొట్టేయనక్కరలేదు. కడుపులో పురుగులు ఉన్నాయా, తిండిలో నూనె ఎంత, ఆకును ఎంత మెత్తగా వండారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. తీవ్రమైన లోటున్న పిల్లల కళ్ళను ఆకు ఒక్కటే కాపాడలేదని గుర్తించే 1970లో ఆరు నెలలకొకసారి విటమిన్ ఏ మోతాదు ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలుపెట్టారు. అది సరైన నిర్ణయం. అయితే మందు లోటు పూడుస్తుంది, రోజువారీ తిండి లోటు రాకుండా చూస్తుంది. సగానికి తగ్గించి లెక్కవేసినా తోటకూర కెరోటిన్ మన కూరల్లో ముందు వరుసలోదే.

ఇంకొక అభ్యంతరం పాలకూర మొక్క గురించే. మన మార్కెట్లలో పాలకూర పేరుతో వచ్చేదంతా పర్షియా సంతతి కాదు. నున్నటి ఆకుతో, కోసిన కొద్దీ చిగిర్చే రకం బీట్‌రూట్ జాతికి చెందినది. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన ఆల్ గ్రీన్, పూసా జ్యోతి లాంటి రకాలు ఆ కోవవే. మరి పట్టికలోని పాలకూర అంకెలు మన సంచిలోని ఆకుకు ఎలా వర్తిస్తాయని అడగడం న్యాయమే. నేల, ఎరువు, కోసిన వయసు మారినా అంకె మారుతుంది. కాని ఈ ప్రశ్న పాలకూర గొప్పతనానికే ఎసరు పెడుతుందని గమనించాలి. చలిదేశపు ఆకు మీద అల్లుకున్న కీర్తిని మనం కొన్నేళ్ళుగా వేరే మొక్కకు తొడుగుతున్నామన్నమాట. తోటకూర విషయంలో కొన్న ఆకు, తూచిన ఆకు ఒకే జాతివి.

ఇంత సాక్ష్యం ఉండగా పాలకూర పీట మీద, తోటకూర గడప దగ్గర ఎందుకు ఉండిపోయాయి? రుచి ఒక కారణమే, కాని తోటకూర పులుసును ఇష్టంగా తినే ఇళ్ళు మన రెండు రాష్ట్రాల్లో తక్కువేం కాదు. అసలు కారణం మర్యాద. ఇంగ్లిషు పాఠాల్లో కనిపించిన ఆకు, ఉత్తరాది హోటలు వంటల్లో పనీరుతో జత కట్టిన ఆకు పెద్దింటి కూరైంది. గట్టు మీద ఊరికే మొలిచే ఆకు పేదింటి కూరగా ముద్రపడింది. చవకదనమే దాని నేరమైంది. ఈ చిన్నచూపుకు మూల్యం చెల్లించేది ఎవరో కూడా చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దీన్ని ఆకుకూరతోనే నయం చేస్తామనడం బాధ్యతలేని మాట. ఇనుము మాత్రలు కావాలి, గుడ్డూ పాలూ పప్పూ కావాలి. కాని రోజూ కొనగలిగిన వాటిల్లో ఎక్కువ ఇచ్చేదేదో తెలిసీ, నామోషీ కొద్దీ దాన్ని వదులుకోవడం ఆ ఇంటి ఆడవారికీ పిల్లలకూ చేసే నష్టమే.

కాబట్టి చేయవలసింది కష్టమైనదేమీ కాదు. అంగన్‌వాడీ పెరట్లో, బడి తోటలో, ఇంటి వెనక రెండు మళ్ళలో వేసవిలో కూడా పెరిగే ఈ ఆకుకు ముందు చోటివ్వాలి. మధ్యాహ్న భోజనం పప్పులో పాలకూర దొరకని నెలల్లో తోటకూర పడాలి. దొరికే నెలల్లో ఫోలేట్ కోసం పాలకూరనూ పక్కన పెట్టుకోవాలి. వండే ముందు మట్టి పోయేలా రెండు మూడు నీళ్ళలో కడగాలి, తాలింపులో నూనె మరీ పీనాసితనంగా వేయకూడదు. పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఇనుము గురించి రాసే చోట మన పట్టికల్లో ముందున్న మన ఆకు పేరు ముందు రాయాలి. కూనూరు నుంచి తార్నాక దాకా ఎనభై ఏళ్ళు శ్రమపడి తూచిన తూకం మన చేతిలో ఉంది, దాన్ని బజారు సంచిలోకి తెచ్చుకోవడమే మిగిలింది.